చక్రం తిప్పిన టీవీ

1930లో లండన్‌లో టీవీ చూడాలంటే గదిలో దీపాలు ఆర్పేసి, ఒక రేకు డబ్బా ముందు ముఖం పెట్టుకుని కూర్చోవాలి. ఆ డబ్బా పేరు టెలివైజర్. కుడివైపు ఒక కటకం, దాని వెనక నిలబెట్టిన అగ్గిపెట్టె కన్నా సన్నగా ఒక కిటికీ. స్విచ్చి వేయగానే లోపల 20 అంగుళాల అల్యూమినియం చక్రం తిరగడం మొదలవుతుంది. వేగం అందుకునేకొద్దీ హోరు పెరుగుతుంది. కిటికీలో ఎర్రటి నారింజ రంగు వెలుగు అల్లాడుతుంది, గీతలు ఏటవాలుగా జారిపోతుంటాయి. మీటను అటూ ఇటూ సవరిస్తూ పోతే ఆ గీతలు ఒకచోట కుదురుకుని ఒక మనిషి ముఖం తేలుతుంది. చక్రం ఏ కాస్త వెనకబడినా ముఖం రెండు ముక్కలై గడ్డం పైకి, నుదురు కిందికి పోతాయి. మళ్ళీ మీట పట్టుకోవాలి. రిమోట్ మనకు సోఫాలో కూర్చునే సుఖం ఇచ్చింది గానీ, ఆ కాలపు ప్రేక్షకుడు సగం ఆపరేటరే.

ఈ డబ్బా ఖరీదు 25 గినీలు, అంటే 26 పౌండ్ల 5 షిల్లింగులు. ఒక మామూలు కార్మికుడి రెండు నెలల జీతం దాకా. మొత్తం వెయ్యి దాకా తయారయ్యాయని అంచనా. సొంతంగా భాగాలు కొని బిగించుకున్నవాళ్ళు ఇంకా ఎక్కువమంది.

ఈ తిరిగే చక్రాల టీవీ గురించి సాధారణంగా రెండు రకాలుగా చెబుతుంటారు. ఒకటి, పేద శాస్త్రవేత్త అట్టపెట్టెలతో అద్భుతం చేశాడన్న వీరగాథ. రెండోది, అదొక దారితప్పిన ప్రయోగమని, అసలు టీవీ తర్వాత వచ్చిందని కొట్టిపారేయడం. రెండింటిలోనూ లెక్క కనిపించదు. చక్రం ఎందుకు పుట్టిందో, ఎక్కడిదాకా రాగలిగిందో, ఎందుకు ఆగిపోయిందో అంతా చిన్న గుణకారంలో ఉంది. అది మన ఇంట్లో వాళ్ళకూ అర్థమయ్యే గుణకారమే.

ముందు చిక్కు ఏమిటో చూడాలి. తీగలోనైనా గాలిలోనైనా ఒక క్షణంలో ఒక్క సంగతే వెళ్తుంది: ఇంత ఎక్కువ, ఇంత తక్కువ అని. శబ్దానికి అది చాలు. బొమ్మకు చాలదు. బొమ్మలో వేల చోట్ల వేల రకాల వెలుగు నీడలు ఒకేసారి ఉంటాయి. వాటిని ఒక్క తీగలో పంపాలంటే ఒకదాని వెనక ఒకటి వరసకట్టించాలి, అవతలి ఒడ్డున మళ్ళీ వాటి వాటి చోట్ల కూర్చోబెట్టాలి.

ఇది పోచంపల్లి నేతగాళ్ళు ఎరిగిన విద్యే. అక్కడ బట్ట నేశాక రంగు వేయరు. నూలునే ముందుగా లెక్కప్రకారం కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు. ఆ పోగును విడిగా చూస్తే అక్కడక్కడ మచ్చలు తప్ప బొమ్మ ఏమీ ఉండదు. మగ్గం మీద పేక పోగులు ఒకదాని పక్కన ఒకటి పడుతుంటే అప్పుడు ఏనుగో చిలకో తేలుతుంది. పోగు ఒక్క పిసరు పక్కకు జరిగితే బొమ్మ అంచు చెదురుతుంది. టీవీలో బొమ్మను గీతలుగా విప్పడం, అవతల గీతలుగా పేర్చడం సరిగ్గా ఇదే. తేడా ఒక్కటే. నేతగాడికి చీరకు రోజులు పడతాయి. టీవీ సెకనుకు 12 బొమ్మలు నేయాలి, లేకపోతే కంటికి కదలిక అనిపించదు.

ఈ విప్పే పని ఒక చక్రంతో అయిపోతుందని మొదట చూసినవాడు బెర్లిన్‌లో చదువుకుంటున్న 23 ఏళ్ళ పాల్ నిప్కో. 1884 జనవరి 6న పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. చక్రం అంచు దగ్గర 24 చిల్లులు. అవన్నీ ఒకే వలయంలో ఉండవు. ఒక్కో చిల్లు ముందుదాని కన్నా కాస్త లోపలికి, నత్తగుల్ల మెలికలా ఉంటుంది. బొమ్మకు ముందు చక్రం తిరుగుతుంటే మొదటి చిల్లు బొమ్మ ఒక అంచు మీదుగా ఒక గీతలా సాగుతుంది. అది దాటిపోగానే రెండో చిల్లు దాని పక్క గీత మీదుగా వెళ్తుంది. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి బొమ్మంతా 24 గీతలుగా చదివినట్టే. చిల్లుల వెనక వెలుతురును కొలిచే పరికరం పెడితే ఎక్కువ తక్కువల కరెంటు వస్తుంది. అవతల అలాంటి చక్రమే, అదే వేగంతో, ఒక దీపం ముందు తిరుగుతుంటే అదే బొమ్మ తిరిగి పేరుకుంటుంది.

కాగితం మీద ఇంతకన్నా చక్కని ఆలోచన అరుదు. ఒక్క రేకు ముక్క, 24 చిల్లులు, అంతే. కానీ నిప్కో యంత్రాన్ని తయారు చేయలేదు. చేసినా పనిచేసేది కాదు. వెలుతురును కరెంటుగా మార్చడానికి అప్పుడు ఉన్నది సెలీనియం. వెలుతురు పడితే దాని గుండా కరెంటు తేలిగ్గా పోతుందని 1873లోనే బయటపడింది, సముద్రంలో వేసే టెలిగ్రాఫ్ కేబుళ్ళను పరీక్షించే పనిలో. అయితే సెలీనియం బద్ధకపు పదార్థం. వెలుతురు వచ్చాక నెమ్మదిగా లేస్తుంది, పోయాక నెమ్మదిగా పడుకుంటుంది. పైగా దానినుంచి వచ్చే కరెంటు చీమంత. దాన్ని పెంచే వాల్వులు, అంటే బల్బులాంటి గాజు గొట్టాలు, రావడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. నిప్కో రైల్వే సిగ్నళ్ళు తయారు చేసే కంపెనీలో ఇంజినీరుగా చేరిపోయాడు. ఎవరికీ అక్కర్లేక పేటెంటు గడువు తీరిపోయింది.

ఆ తర్వాత 1900లో పారిస్‌లో జరిగిన విద్యుత్ మహాసభలో కాన్‌స్తాంతిన్ పెర్‌స్కీ అనే రష్యన్ ఈ విద్యకు టెలివిజన్ అని పేరు పెట్టాడు. సగం గ్రీకు, సగం లాటిన్. మన దూరదర్శన్ అనే మాట ఆ రెంటికీ వరసగా పెట్టిన సంస్కృతం. ఒక రకంగా మనదే ఒద్దికగా కుదిరింది.

మొదటి ప్రపంచయుద్ధం రేడియో వాల్వులను కుప్పలుగా తయారు చేయించింది. 1920ల మొదట్లో ఇంటింటా రేడియో మోజు మొదలైంది. దాంతో నిప్కో చక్రానికి కావలసినవన్నీ బజార్లో దొరకసాగాయి: కరెంటును పెంచే వాల్వులు, సెలీనియం కన్నా చురుకైన ఫొటోసెల్‌లు, చిటికెలో వెలిగి ఆరే నియాన్ దీపం. అందుకే ఒకే రెండు మూడేళ్ళలో వేర్వేరు దేశాల్లో పలువురు ఇంచుమించు ఒకే పని చేశారు. మొదటివాడు ఎవరు అన్న వాదన ఎంత సాగినా తెగదు. అందరికీ ఒకేసారి సామాను దొరికింది మరి.

వాళ్ళలో స్కాట్లండ్‌వాడు జాన్ లోగీ బెయర్డ్ కథే ఎక్కువ ప్రచారంలో ఉంది. ఆరోగ్యం బాగాలేక, చేసిన వ్యాపారాలు కలిసిరాక 1923లో హేస్టింగ్స్ అనే సముద్రతీరపు ఊరికి చేరాడు. అక్కడ టీ పెట్టె, టోపీల అట్టపెట్టె, ఊలు కుట్టే సూదులు, సైకిల్ లైటు కటకాలు, లక్క, జిగురు కలిపి యంత్రం కట్టాడు. ఒకసారి వెయ్యి వోల్టుల పైన షాక్ తిన్నాడు. ఇంటాయన ఖాళీ చేయమన్నాడు. ఇంటాయనను తప్పుపట్టడానికి లేదు. లండన్‌లో ఫ్రిత్ స్ట్రీట్ 22వ నంబరు భవనం పైగదిలోకి మారాడు. 1925 వసంతంలో సెల్ఫ్రిడ్జెస్ దుకాణంలో జనానికి నీడబొమ్మలు చూపించి డబ్బు సంపాదించాడు.

నీడబొమ్మ చూపడం ఒక ఎత్తు, ముఖంలో కన్నూ ముక్కూ తెలిసేలా చూపడం ఒక ఎత్తు. నీడకు నలుపు తెలుపు చాలు, ముఖానికి మధ్యలోని బూడిద రంగులన్నీ కావాలి. అందుకు బెయర్డ్ వాడింది స్టూకీ బిల్ అని పిలిచే ఒక మాట్లాడే బొమ్మ తలను. దీపాల వేడి ఎంత ఉండేదంటే దాని జుట్టు కమిలిపోయి, ముఖం మీది రంగు పగుళ్ళు వారింది. మనుషులు ఆ వేడి ముందు కూర్చోలేరని బొమ్మను పెట్టాడు. 1925 అక్టోబరు 2న ఆ బొమ్మ ముఖం తెర మీద స్పష్టంగా వచ్చింది. వెంటనే కింది అంతస్తు ఆఫీసుకు పరుగెత్తి విలియం టేంటన్ అనే ఆఫీసు కుర్రాణ్ణి లాక్కొచ్చి దీపాల ముందు కూర్చోబెట్టాడు. పక్క గదిలోకి వెళ్ళి చూస్తే తెర ఖాళీ! వేడికి తట్టుకోలేక కుర్రాడు వెనక్కి జరిగిపోయాడు. అతని చేతిలో అరక్రౌను, అంటే రెండున్నర షిల్లింగుల నాణెం, పెట్టి మళ్ళీ కూర్చోబెట్టాడు. టీవీలో కనిపించిన మొదటి మనిషి కనిపించినందుకు డబ్బు తీసుకున్నాడన్నమాట. ఆ పరిశ్రమ ఆనవాయితీ మొదటి రోజే ఖాయమైంది. 1926 జనవరి 26న రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యులు ఆ మెట్లెక్కి వచ్చి చూశారు.

అమెరికాలో చార్లెస్ ఫ్రాన్సిస్ జెంకిన్స్ 1925 జూన్‌లో తిరుగుతున్న గాలిమర బొమ్మ నీడను వాషింగ్టన్‌లో ఒకచోటి నుంచి మరోచోటికి రేడియోలో పంపాడు. 1927 ఏప్రిల్ 7న బెల్ ల్యాబ్స్ వాళ్ళు వాషింగ్టన్‌లో ఉన్న వాణిజ్య మంత్రి హెర్బర్ట్ హూవర్‌ను న్యూయార్కులో 50 గీతల్లో చూపించారు. జపాన్‌లో కెంజిరో తకయనగి 1926 డిసెంబరు 25న ఒకే ఒక్క అక్షరాన్ని పంపాడు. అది వాళ్ళ పాత వరసలో మొదటి అక్షరం ‘ఇ’. మనవాళ్ళు పలక మీద ‘అ’ దిద్దించినట్టు. తకయనగి పంపే వైపు చక్రం వాడినా, చూసే వైపు మాత్రం ఎలక్ట్రాన్ల పుంజంతో తెర మీద బొమ్మ గీసే కాథోడ్ కిరణాల గాజు గొట్టం పెట్టాడు. చక్రం పతనం ఆ గొట్టంలోంచే వచ్చింది, అయితే పదేళ్ళ తర్వాత.

యంత్రం పనిచేసింది సరే, దాన్ని ఎక్కడ ప్రసారం చేయాలి? ఇక్కడినుంచి కథ సైన్సు కన్నా పరిపాలనకు దగ్గరగా నడుస్తుంది. బ్రిటన్‌లో గాలి బీబీసీది. బీబీసీ ఇంజినీర్లు బెయర్డ్ బొమ్మ చూసి పెదవి విరిచారు. ఇది జనానికి చూపించే స్థాయిలో లేదన్నది వాళ్ళ మాట. దాన్ని మొండితనంగా చిత్రించే రచనలు చాలా ఉన్నాయి గానీ, సాంకేతికంగా వాళ్ళు చెప్పింది నిజమే. చివరికి రేడియో లైసెన్సులు చూసే పోస్టాఫీసు శాఖ కలగజేసుకుంది. 1929 సెప్టెంబరు 30న ప్రసారాలు మొదలయ్యాయి, అదీ రేడియో కార్యక్రమాలు లేని ఉదయం 11 గంటలకు, అరగంట సేపు. బెయర్డ్‌కు దక్కింది ఒక్క ట్రాన్స్‌మిటరే. ఒక్కదానిలో బొమ్మైనా పోవాలి, మాటైనా పోవాలి. కాబట్టి ముందు మనిషి కొన్ని నిమిషాలు మూగగా పెదాలు కదిలిస్తాడు, ఆ తర్వాత కొన్ని నిమిషాలు కనబడకుండా మాటలు వినిపిస్తాడు. 1930 మార్చి 31న రెండో ట్రాన్స్‌మిటర్ దొరికాక గానీ బొమ్మా మాటా కలవలేదు. ప్రధాని రామ్సే మెక్‌డోనాల్డ్ ఇంటికీ బెయర్డ్ కంపెనీ టెలివైజర్ ఒకటి చేరింది.

ఆ ప్రసారాలు సాగింది మామూలు మీడియం వేవ్‌లో. అందుకే గీతలు 30కి మించలేదు. 30 గీతలు, ఒక్కో గీతలో 70 చుక్కల దాకా. అంటే బొమ్మకు 2,100 చుక్కలు. సెకనుకు పన్నెండున్నర బొమ్మలు. గుణిస్తే సెకనుకు 26,250 చుక్కలు. ఒక తెల్ల చుక్క, ఒక నల్ల చుక్క కలిస్తే ఒక కంపనం కాబట్టి సెకనుకు 13,000 కంపనాలు. ఒక రేడియో స్టేషనుకు మీడియం వేవ్‌లో వదిలే జాగా సుమారు 9,000. అంటే ఆ పేలవమైన బొమ్మ కూడా ఇచ్చిన గట్టు దాటి పొర్లుతూనే ఉంది. 31వ గీతకు చోటే లేదు. బెయర్డ్ బొమ్మ నిలువుగా, సన్నగా ఉండడానికి కారణమూ ఇదే. వెడల్పు బొమ్మకు చుక్కలు చాలవు. నిలువు బొమ్మలో ఒక ముఖం, భుజాలు పడతాయి. సెల్‌ఫోన్‌లో నిలువు వీడియోలు చూసి విసుక్కునేవాళ్ళకు ఈ సంగతి చెప్పాలి. టీవీ పుట్టడమే నిలువుగా పుట్టింది.

ఇంకో చిత్రం ఉంది. మీడియం వేవ్ రాత్రిపూట ఆకాశంలో పరావర్తనం చెంది చాలా దూరం పోతుంది. అందువల్ల లండన్ 30 గీతల బొమ్మను సముద్రం దాటి యూరప్‌లోనూ పట్టుకునేవారు. తర్వాత వచ్చిన మంచి బొమ్మకు మీడియం వేవ్ ఇరుకైపోయింది. అది ఎక్కిన పొట్టి తరంగాలు లండన్ చుట్టుపక్కలే తిరిగేవి. నాసిరకం బొమ్మ దేశాలు దాటింది, నాణ్యమైన బొమ్మ ఊరి పొలిమేర దాటలేదు.

ఇంత ఇరుకులో ప్రోగ్రాములు ఎలా తీశారన్నది ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం. మామూలుగా దీపాలు వేసి మనిషిని చూపాలంటే వెలుతురు చాలదు. అందుకని తిరగేశారు. స్టూడియో అంతా చీకటి. చక్రం వెనక శక్తిమంతమైన దీపం పెట్టి, చిల్లుల గుండా వచ్చే సన్నటి వెలుగు చుక్కను నటుడి ముఖం మీద గీతలు గీతలుగా పరుగెత్తించేవారు. ముఖం మీద పడి చెదిరిన వెలుగును చుట్టూ పెట్టిన ఫొటోసెల్‌లు పట్టేవి. నటుడికి కనిపించేది చీకట్లో కళ్ళలో గుచ్చుకునే మినుకుమినుకు ఒక్కటే. ఎర్రటి పెదాలు ఫొటోసెల్‌కు చర్మంతో పాటు తెల్లగానే కనబడి మాయమయ్యేవి. దాంతో ముఖానికి తెల్లటి పూత, పెదాలకూ కనుబొమలకూ ముక్కు పక్కలకూ నీలం గీతలు. ఎదురుగా చూస్తే పగటివేషగాళ్ళు, తెర మీద చూస్తే మనుషులు.

1930 జులై 14న ఇటలీ రచయిత పిరాండెల్లో చిన్న నాటిక ఒకటి ప్రసారం చేశారు. బ్రిటన్‌లో మొదటి టీవీ నాటకం అదే. దాన్ని ఎంచుకోవడానికి సాహిత్య కారణాల కన్నా కొలతలే ముఖ్యం. పాత్రలు కొద్దిమంది, ఎక్కువగా కూర్చుని మాట్లాడుకోవడమే, లేచి తిరిగే పని తక్కువ. వెలుగు చుక్క ముందు ఒకసారికి ఒక తల కన్నా పట్టదు. ఒక నటుడు లేచి ఇంకొకరు వచ్చి కూర్చునేటప్పుడు బొమ్మ గజిబిజి కాకుండా చదరంగం గళ్ళ పలక ఒకటి అడ్డంగా జరిపేవారు. ఇవాళ ఎడిటింగ్ టేబుల్ మీద మీట నొక్కితే అయ్యే పనికి అక్కడ ఒక మనిషి, ఒక అట్ట.

దానికి రెండేళ్ళ ముందే, 1928 సెప్టెంబరు 11న అమెరికాలోని స్కెనెక్టడీలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు ఒక ఏకాంకిక ప్రసారం చేశారు. వాళ్ళ బొమ్మలో గీతలు 24 మాత్రమే. ఒక ముఖం పట్టాక చేతులకు చోటు లేదు. అందుకని ముఖాలకు ఇద్దరు నటులు, చేతులకు వేరే ఇద్దరు! గ్లాసు ఎత్తాలన్నా, పిస్తోలు పట్టాలన్నా మూడో కెమెరా ముందు చేతుల నటులు. డైరెక్టరు చేతిలో ఒక పెట్టె. దాని మీటలు తిప్పుతూ ఏ కెమెరా బొమ్మ పోవాలో మార్చేవాడు. దగ్గరి షాటు, వస్తువుల షాటు, కెమెరాల మధ్య కోత... టీవీ డైరెక్షన్ అంటే నేటికీ ఇవే. అవి కళాదృష్టితో పుట్టలేదు, 24 గీతల ఇరుకులోంచి పుట్టాయి. చక్రం పోయింది గానీ దాని ఎదుట నేర్చిన ఈ పనితనం పోలేదు. స్టూడియో, మేకప్, టైముకు ప్రోగ్రాము, ‘ఇవాళ బాగా కనబడింది’ అని ఉత్తరం రాసే ప్రేక్షకుడు అన్నీ బొమ్మ బాగుపడక ముందే తయారయ్యాయి.

అమెరికాలో ఇబ్బంది వేరు. అక్కడ బీబీసీలాంటి పెద్దన్న లేడు. జెంకిన్స్ 1928 జులైలో వాషింగ్టన్ దగ్గర స్టేషను పెట్టి 48 గీతల్లో పంపాడు. న్యూయార్కులో ఎన్‌బీసీ స్టేషను 60 గీతలు, తిరిగే బల్ల మీద ఫెలిక్స్ పిల్లి బొమ్మను గంటల తరబడి చూపించేది. షికాగోలో 45. ఒకరి కోసం చిల్లులు వేసిన చక్రంలో ఇంకొకరి బొమ్మ రాదు. ఊరు మారితే చక్రం మార్చుకోవాలి. ప్రకటనలు వేసుకోవడానికి ప్రభుత్వ అనుమతి లేదు కాబట్టి స్టేషనుకు రాబడి లేదు. ఆపైన 1929 నాటి ఆర్థిక పతనం. జెంకిన్స్ కంపెనీ 1932లో మూతపడింది. సోవియట్ దేశంలో మాత్రం 30 గీతల చక్రం ఇంకొన్నేళ్ళు బతికింది. లెనిన్‌గ్రాడ్‌లో కొమింటెర్న్ ఫ్యాక్టరీ తయారు చేసిన బీ-2 అనే సెట్టులో తెర ఒకవైపు 3 సెంటీమీటర్లు, ఇంకోవైపు 4 సెంటీమీటర్లు. తపాలా బిళ్ళ అన్నా చెల్లుతుంది.

ఇక చక్రం ఎందుకు ఆగిపోయిందో చూద్దాం. గీతలు పెంచితే పోదా అనిపిస్తుంది. టెలివైజర్ చక్రంలో 30 చిల్లులు, పక్కపక్క చిల్లుల మధ్య దూరం సుమారు 2 అంగుళాలు. ఆ దూరమే బొమ్మ ఎత్తు. బొమ్మ అంతే ఉంచి 240 గీతలు కావాలంటే 240 చిల్లులు, అంటే చుట్టుకొలత 480 అంగుళాలు. అడ్డంగా కొలిస్తే దాదాపు 13 అడుగుల చక్రం, అదీ సెకనుకు పాతిక చుట్లు! ఇంట్లో కాదు, ఎద్దులబండి కొట్టంలో కూడా పట్టదు. చక్రం అంతే ఉంచితే చిల్లులు దగ్గరపడి బొమ్మ పావు అంగుళానికి కుదించుకుపోతుంది.

వెలుతురు లెక్క ఇంకా దారుణం. చక్రం ఏ క్షణంలో చూసినా ఒక్క చిల్లులోంచే వెలుగును రానిస్తుంది. 2,100 చుక్కల బొమ్మలో 2,099 చుక్కల వెలుగు ఆ క్షణంలో వృథా. చూరు కింద నీళ్ళు కారేచోట్లు రెండు వేలున్నాయనుకుంటే, చేతిలో ఒక్క గ్లాసు పట్టుకుని ఒక్కోచోట రెప్పపాటు పెట్టి పరుగెత్తడం లాంటిది. పట్టిన నీళ్ళు గ్లాసు అడుగు తడపవు. కారేచోట్లు ఎన్ని పెరిగితే ఒక్కోదాని దగ్గర ఆగే సమయం అంత తగ్గుతుంది. గీతలు రెట్టింపు చేస్తే చుక్కలు నాలుగింతలు, చిల్లు వైశాల్యం నాలుగో వంతు, ఆగే సమయమూ నాలుగో వంతు.

ఎలక్ట్రానిక్ కెమెరా ఈ లెక్కను తిరగరాసింది. అమెరికాలో జ్వోరికిన్ ఐకనోస్కోపు, ఇంగ్లండ్‌లో ఐజాక్ షోయెన్‌బర్గ్ బృందం తయారు చేసిన ఎమిట్రాన్ రెండింటి కిటుకూ ఒకటే: కారే ప్రతి చోటా ఒక చెంబు పెట్టేయడం. గాజు గొట్టంలో ఒక పలక, దాని మీద విడివిడిగా లెక్కలేనన్ని వెలుగు కణాలు. ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య కాలమంతా ప్రతి కణమూ తన చోటి వెలుగును చార్జిగా దాచుకుంటుంది. ఎలక్ట్రాన్ల పుంజం వరసగా వచ్చి ఒక్కో చెంబునూ ఒలికించుకుని పోతుంది. పుంజానికి బరువు లేదు, బేరింగు లేదు, గాలి రాపిడి లేదు. ఈ పనికి ఎలక్ట్రాన్ల పుంజమే దిక్కని క్యాంప్‌బెల్ స్విన్‌టన్ అనే ఇంజినీరు 1908లోనే నేచర్ పత్రికకు ఉత్తరం రాశాడు. తయారు చేసేవాళ్ళు దొరకడానికి పాతికేళ్ళు పట్టింది.

1936 నవంబరు 2న లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ కొత్త టీవీ మొదలైనప్పుడు రెండు పద్ధతులకూ పోటీ పెట్టారు. ఒక వారం బెయర్డ్ 240 గీతలు, ఒక వారం ఎమిట్రాన్ కెమెరా వాడే మార్కొనీ-ఈఎంఐ కంపెనీ 405 గీతలు. నాణెం ఎగరేస్తే మొదటి అవకాశం బెయర్డ్ కంపెనీకి దక్కింది. కలిసొచ్చింది ఆ ఒక్కటే. వాళ్ళ పద్ధతిలో పెద్ద దృశ్యం చూపాలంటే ముందు సినిమా ఫిల్ము తీయాలి. కెమెరాకు అంటుకునే ఉన్న తొట్లలో, సైనైడు కలిసిన మందుల్లో, ఆ ఫిల్మును అక్కడికక్కడే కడగాలి. తడి ఆరకుండానే చక్రం ముందు నడిపించాలి. నటుడు పాట పాడాక అది గాలిలోకి పోయేసరికి ఇంచుమించు నిమిషం. కెమెరాను కదపడానికి వీల్లేదు, నేలకు బిగించేశారు. పక్క స్టూడియోలో ఎమిట్రాన్ కెమెరాను చక్రాల బండి మీద తోసుకుంటూ తోటలోకి కూడా తీసుకెళ్తున్నారు. నవంబరు 30న క్రిస్టల్ ప్యాలెస్ తగలబడి అక్కడున్న బెయర్డ్ ప్రయోగశాలలు చాలావరకు బూడిదయ్యాయి. ఆ మంట లేకపోయినా ఫలితం మారేది కాదు. 1937 ఫిబ్రవరి నుంచి 405 గీతలే నిలిచాయి.

అయితే యంత్రంతో 405 గీతలు అసాధ్యమన్నది కూడా నిజం కాదు. స్కోఫొనీ అనే బ్రిటిష్ కంపెనీ అతివేగంగా తిరిగే అద్దాలతో, శబ్ద తరంగాలతో వెలుగును అదుపుచేసే ఒక తొట్టితో 1938లో సినిమా హాలు తెర నిండా 405 గీతల బొమ్మ చూపించింది. నిమిషానికి 30 వేల చుట్లు తిరిగే అద్దాన్ని ఇంట్లో పెట్టుకోవడానికి ఎవరూ ఉత్సాహపడలేదు. యుద్ధం వచ్చి ఆ దారీ మూసుకుపోయింది. బెయర్డ్ కూడా చక్రాన్నే పట్టుకుని వేలాడలేదు. 1944లో పూర్తి ఎలక్ట్రానిక్ రంగుల గొట్టం తయారు చేసి చూపించాడు. రెండేళ్ళకు చనిపోయాడు.

నిప్కో ముగింపు ఇంకో రకం. 1928లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో టీవీ పెట్టారని విని వెళ్ళి, అందరితో పాటు వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక నల్లగుడ్డ తొలగించి చూశాడు. దాదాపు 45 ఏళ్ళ కిందటి తన ఆలోచన, మినుకుమినుకుమంటూ, సరిగా పోల్చుకోలేనంత మసకగా. 1935లో నాజీ ప్రభుత్వం బెర్లిన్ టీవీ స్టేషనుకు ఆయన పేరు పెట్టింది. టీవీ జర్మనుల సొత్తని చాటుకోవడానికి ఆ ముసలాయన పేరు పనికొచ్చింది.

మన దేశానికి ఈ చక్రాల దశ తగల్లేదు. ఢిల్లీలో 1959లో మొదలైనా, 1975లో ఉపగ్రహం ద్వారా మన పల్లెల్లో తెలుగు ప్రసారాలు కనబడినా, 1977లో హైదరాబాద్ కేంద్రం తెరిచినా టీవీ నేరుగా 625 గీతలతోనే దిగింది. యాంటెన్నా తిప్పుతూ ‘వచ్చిందా? వచ్చిందా?’ అని మేడ మీంచి అరిచిన తరానికి మాత్రం టెలివైజర్ మీట పట్టుకున్నవాడి అవస్థ చెప్పకుండానే తెలుస్తుంది.

30 గీతల ప్రసారాలు 1935 సెప్టెంబరులో ఆగిపోయాయి. అవి ఎలా ఉండేవో ఊహించుకోవాల్సిందేనా అంటే, అక్కర్లేదు. 13,000 కంపనాల సంకేతం అంటే అది గ్రామఫోను రికార్డులో పట్టేంత చిన్నది. చెవికి వినిపిస్తే జోరీగ రొదలా ఉంటుంది. బెయర్డ్ తానే 1927, 28లలో అలా రికార్డు చేసే ప్రయత్నం చేశాడు గానీ వాటిని తిరిగి చూపించలేకపోయాడు. వాటిని 1980లలో డొనాల్డ్ మెక్‌లీన్ అనే ఇంజినీరు కంప్యూటరుతో సరిచేసి స్టూకీ బిల్ తలను మళ్ళీ కదిలించాడు. ఆ తర్వాత ఇంకొకటి దొరికింది. 1933 ఏప్రిల్‌లో ఎవరో ప్రేక్షకుడు, ఇంట్లో కూర్చుని, రేడియోలోంచి వస్తున్న ఆ రొదను ఒక అల్యూమినియం రికార్డు మీదికి ఎక్కించుకున్నాడు. బీబీసీ ఆ రోజు చూపించింది ఒక నృత్య ప్రదర్శన. నాలుగు నిమిషాల దాకా ఉంది. ఏటవాలు గీతల మధ్య అమ్మాయిలు వరసగా వచ్చి కాలు భుజం దాకా ఎత్తుతారు. ముఖాలు తెలియవు, వేళ్ళు తెలియవు. తాళం తప్పకపోవడం మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.